ఫోన్ ఎట్లా పనిచేస్తుంది? సీమ పిల్లలు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప వైపు బడుల్లో ఫోన్ గురించి మాట రాగానే పిల్లలు అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. వాటిని పిల్లల మాటల్లోనే పెట్టి జవాబులు రాశాం. మాట మన నోట్లోంచి బయల్దేరి అవతలి చెవికి చేరేదాకా ఏ దశలో ఏం జరుగుతుందో ఆ వరుసలోనే ఉన్నాయి. కానీ ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి నచ్చిన ప్రశ్న దగ్గర మొదలుపెట్టొచ్చు.

## మాట బయల్దేరే చోట

కడపలో నేను మాట్లాడితే కర్నూల్లో మా మామకు అప్పుడే ఎట్లా వినపడుతుంది?

మీ గొంతు కర్నూలు దాకా పోదు. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది. రెండు ఊళ్ళ మధ్య 200 కిలోమీటర్లు అనుకుంటే, గొంతే అంత దూరం పోవాలంటే దాదాపు 10 నిమిషాలు పట్టాలి. అంతకు ముందే, ఊరి పొలిమేర దాటకముందే, కేక సన్నగిల్లి ఆగిపోతుంది.

అందుకే ఫోన్ గొంతును మోయదు. గొంతు ఎట్లా ఊగిందో అంకెల్లో రాసుకుని ఆ అంకెలను పంపుతుంది. గాలిలో రేడియో తరంగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు, నేల కింద వేసే గాజు తీగలో (ఆప్టికల్ ఫైబర్ అంటారు) కాంతి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతాయి. ఆ లెక్కన 200 కిలోమీటర్లకు సెకనులో వెయ్యో వంతు చాలు.

అయినా "అప్పుడే" అనేది పూర్తిగా నిజం కాదు. ఒకే ఇంట్లో ఇద్దరు పక్కపక్కన నిలబడి ఒకరికొకరు ఫోన్ చేసుకుని "ఒకటి" అనండి. మాట ముందు గాలిలో వినపడుతుంది, ఫోన్‌లో కొంచెం ఆగి వస్తుంది. ఆ ఆలస్యం దూరం వల్ల వచ్చింది కాదు. అంకెలు రాయడం, మూట కట్టడం, అవతల విప్పడం, వీటికి పట్టే సమయం అది.

గొంతును అంకెలుగా రాయడమంటే ఏంది?

గొంతు మీద వేళ్ళు పెట్టి "మ్‌మ్‌మ్" అనండి, వణుకు తెలుస్తుంది. ఆ వణుకు గాలిని ఊపుతుంది, గాలి ఫోన్ అడుగున చిన్న రంధ్రం వెనక ఉన్న మైకులోని పల్చటి పొరను ఊపుతుంది. పొర ఊగినట్లే కరెంటు కూడా ఎక్కువ తక్కువ అవుతుంది.

ఇక్కడి నుంచి ఫోన్ చేసేది కొలవడమే. బావిలో నీళ్ళు ఎన్నో మెట్టు దాకా ఉన్నాయో చూసి రాసుకున్నట్లు, ఆ కరెంటు ఏ మెట్టులో ఉందో చూసి రాసుకుంటుంది. ల్యాండ్‌లైన్ పద్ధతిలో సెకనుకు 8,000 సార్లు చూస్తుంది, మెట్లు 256. ఒక్కో కొలతకు ఎనిమిది సున్నాలు, ఒకట్లు పడతాయి కాబట్టి సెకను మాటకు 64,000. ఇప్పటి 4జీ కాల్స్‌లో సెకనుకు 16,000 సార్లు కొలుస్తారు, అందుకే గొంతు దగ్గర్నుంచి మాట్లాడినంత స్పష్టంగా ఉంటుంది.

పాత పద్ధతిలో 3,400 హెర్ట్జ్ (సెకనుకు 3,400 ఊపులు) పైనున్న సన్నటి శబ్దాలను వదిలేస్తారు. "స", "ష", "ఫ" లాంటి అక్షరాల తేడా సరిగ్గా ఆ సన్నటి శబ్దాల్లోనే ఉంటుంది. ఫోన్‌లో పేరు చెబితే అవతలివాళ్ళు "సానా? షానా?" అని అడిగేది అందుకే.

ఫోన్ లేకుండా ఇంట్లోనే ఫోన్ చేసి చూడొచ్చా?

చూడొచ్చు. రెండు కాగితపు టీ కప్పులు, 10 మీటర్ల దారం, రెండు చీపురు పుల్ల ముక్కలు చాలు. కప్పు అడుగున సూదితో రంధ్రం చేసి దారం లోపలికి ఎక్కించండి. లోపలి కొనకు వేలి గోరంత పుల్ల ముక్క కట్టండి, అది అడ్డం పడి దారాన్ని జారనీయదు. అవతలి కప్పుకూ అంతే. ఇద్దరూ దూరం జరిగి దారం బిగువుగా లాగి పట్టుకోండి. ఒకరు కప్పులో మాట్లాడితే ఇంకొకరు చెవికి పెట్టుకుని వినాలి.

వినపడలేదంటే మూడింటిలో ఒకటి కారణం. దారం వదులుగా వేలాడుతోంది, లేదా ఎవరిదో వేలు దారానికి తగులుతోంది, లేదా దారం గోడ మూలకు ఆనుకుని వంగింది. వణుకు అక్కడే ఆగిపోతుంది. నూలు దారం బదులు చేపల గాలానికి వాడే నైలాన్ దారం కడితే ఇంకా బాగా వినపడుతుంది. నూలు మెత్తన కాబట్టి వణుకును కొంత మింగేస్తుంది.

## ఫోన్ నుంచి టవర్ దాకా

నా ఫోన్ నుంచి మా ఫ్రెండ్ ఫోన్‌కు నేరుగా పోతే సరిపోతుంది కదా, టవర్ ఎందుకు?

సెల్‌ఫోన్ చాలా చిన్న గొంతుతో మాట్లాడుతుంది. 4జీ ఫోన్ ఎంత గట్టిగా అరిచినా 0.2 వాట్ దాటదు. ఇంట్లో బెడ్‌లైటుగా వాడే చిన్న ఎల్‌ఈడీ బల్బు కంటే తక్కువ. అంత శక్తితో కొండలూ ఇళ్ళూ దాటి ఇంకో ఊరికి పోవడం కుదరదు. కాబట్టి దగ్గర్లో ఎత్తున చెవి పెట్టుకుని కూర్చున్న టవర్‌కు చెబుతుంది, మిగతా దారి టవర్ చూసుకుంటుంది.

ఇందులో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మీ మాట గాలిలో పోయేది ఎక్కువగా ఇక్కడ ఫోన్ నుంచి టవర్ దాకా, అవతల టవర్ నుంచి ఫోన్ దాకానే. టౌన్లో అయితే కొన్ని వందల మీటర్లు, పల్లెల్లో కొన్ని కిలోమీటర్లు. మిగతా దారంతా చాలావరకు నేల కింద గాజు తీగల్లోనే. "వైర్‌లెస్" అంటాం కానీ ప్రయాణంలో ఎక్కువ భాగం వైరే.

టవర్ మీద పొడుగు పెట్టెలు ఏంటివి? గుండ్రంగా డప్పుల మాదిరి ఉన్నవి ఏంటివి?

ఈసారి టవర్ కనపడితే దూరంగా నిలబడి కింది నుంచి పైకి నెమ్మదిగా చూడండి.

తలకాయ దగ్గర మనిషి ఎత్తున నిలువుగా ఉండే తెల్లటి పొడుగు పెట్టెలు ఫోన్లతో మాట్లాడే యాంటెనాలు. సాధారణంగా మూడు వైపులా ఉంటాయి. ఒక్కో వైపు 120 డిగ్రీలు చూసుకుంటుంది, మూడు కలిపితే చుట్టూ 360. కొంచెం కిందికి వంచి బిగిస్తారు. ఎందుకంటే మాట్లాడాల్సిన ఫోన్లు ఆకాశంలో లేవు, ఊళ్ళో ఉన్నాయి. వాటి వెనక ఉండే చిన్న పెట్టెలు రేడియోలు, అంకెలను తరంగాలుగా మార్చేవి.

గుండ్రటి డప్పులు ఫోన్లతో మాట్లాడవు. అవి ఇంకో టవర్ మీది డప్పుతో మాత్రమే మాట్లాడతాయి, దాన్ని మైక్రోవేవ్ లింకు అంటారు. గాజు తీగ వేయలేని చోట, రాతిగుట్టలు అడ్డమున్న చోట ఇవే ఆధారం. ఒక డప్పు ఇంకో డప్పుకు సూటిగా కనపడాలి. గాలికి బోల్టు వదులై ఒకటి రెండు డిగ్రీలు పక్కకు తిరిగినా లింకు పడిపోతుంది.

అన్నిటికంటే పైన కనపడే కడ్డీ పిడుగు కోసం. దాన్నుంచి లోహపు పట్టీ ఒకటి నేలలోకి దిగుతుంది. మన ఎండు రాతినేల కరెంటును సులభంగా తీసుకోదు. అందుకే ఎర్తింగ్ గుంతలో బొగ్గు, ఉప్పు వేసి నీళ్ళు పోస్తుంటారు. ఆ గుంత ఎండిపోతే పిడుగు నేలలోకి దిగకుండా యంత్రాల మీద పడుతుంది. రాత్రి కనపడే ఎర్రలైటు విమానాలకు గుర్తు.

అడుగున బీరువాల మాదిరి పెట్టెల్లో 48 వోల్టుల బ్యాటరీలు ఉంటాయి, చాలా చోట్ల పక్కన డీజిల్ జనరేటర్ ఉంటుంది. కరెంటు పోయిన వెంటనే కాకుండా కొన్ని గంటలయ్యాక ఊరంతా సిగ్నల్ పోయిందంటే, బ్యాటరీలు అయిపోయి జనరేటర్ ఆడలేదని అర్థం.

రేడియోలో ఆకాశవాణి కడప 900, సెల్‌ఫోన్ కూడా 900 అంటారు. రెండూ ఒకటేనా?

అంకె ఒకటే, వెనకున్న మాట వేరు. ఆకాశవాణి కడప మీడియం వేవ్ 900 కిలోహెర్ట్జ్, అంటే తరంగం సెకనుకు 9 లక్షల సార్లు ఊగుతుంది. సెల్‌ఫోన్ 900 మెగాహెర్ట్జ్, అంటే సెకనుకు 90 కోట్ల సార్లు. వెయ్యి రెట్ల తేడా.

ఒక్కో అల పొడవులోనూ అంతే తేడా. రేడియో అల దాదాపు 333 మీటర్లు, సెల్‌ఫోన్ అల 33 సెంటీమీటర్లు, అంటే ఒక స్కేలు పొడవు కంటే కొంచెం ఎక్కువ. పెద్ద అల గుట్టలను చుట్టుకుని దూరం పోతుంది, అందుకే ఒక్క కేంద్రం ఎన్నో మండలాలకు వినపడుతుంది. చిన్న అల గుట్ట వెనక నీడ వదిలేస్తుంది. కానీ చిన్న అలకు చిన్న యాంటెనా చాలు, లేకపోతే ఫోన్ జేబులో పట్టేది కాదు.

ఇంట్లో సిగ్నల్ ఉండదు, మిద్దె ఎక్కితే వస్తుంది. ఎందుకు?

తరంగానికి దారిలో ఏది అడ్డం వస్తే అది కొంత మింగుతుంది, కొంత వెనక్కి కొడుతుంది. రేకుల ఇల్లు అన్నిటికంటే కష్టం, లోహపు రేకు తరంగాన్ని అద్దంలా వెనక్కి తోస్తుంది. లావాటి రాతి గోడలు, కడప బండలు పరిచిన పైకప్పు, ఇనుప కడ్డీల కాంక్రీటు కొంత తగ్గిస్తాయి. మిద్దె ఎక్కితే ఇవేవీ అడ్డం లేవు, పైగా ఎత్తు పెరిగి టవర్ సూటిగా కనపడుతుంది. ఇంట్లోనే మాట్లాడాలంటే టవర్ ఉన్న వైపు కిటికీ దగ్గర నిలబడండి. ఒక్కోసారి అర అడుగు జరిగినా తేడా తెలుస్తుంది.

బేలం గుహల్లోకి దిగితే సిగ్నల్ పూర్తిగా పోయేదీ ఇదే కారణంతో. పైన మీటర్ల కొద్దీ సున్నపురాయి, దాంట్లో తేమ ఉంటాయి. టవర్ పక్కనే ఉన్నా లోపలికి రాదు.

సిగ్నల్ గీతలు రెండే ఉన్నా ఒక్కోసారి బాగా మాట్లాడొచ్చు, నాలుగున్నా నెట్ రాదు. గీతలు అబద్ధమా?

గీతలు చిత్రం మాత్రమే. ఎంత సిగ్నల్‌కు ఎన్ని గీతలు చూపాలనేది ఫోన్ తయారుచేసినవాళ్ళ ఇష్టం, అన్ని ఫోన్లకూ ఒకే కొలత లేదు. అసలు కొలత సెట్టింగ్స్‌లో, ఫోన్ వివరాల కింద సిమ్ స్టేటస్‌లో, డీబీఎమ్ అని కనపడుతుంది. ముందు మైనస్ గుర్తు ఉంటుంది కాబట్టి అంకె చిన్నదైతే మంచిది. మైనస్ 80 బాగుంది, మైనస్ 110 బలహీనం. ప్రతి 10కి పది రెట్లు తేడా, కాబట్టి ఈ రెండింటి మధ్య వెయ్యి రెట్లు.

గీతలు నిండుగా ఉండి నెట్ రాలేదంటే టవర్ గట్టిగానే వినపడుతోంది, కానీ అక్కడ జనం ఎక్కువై వంతు రావడం లేదు. జాతరల్లో, రాత్రి ఎనిమిది తర్వాత జరిగేది ఇదే.

సిగ్నల్ లేని ఊరికి పోతే చార్జింగ్ తొందరగా ఎందుకు అయిపోతుంది?

టవర్ దూరమైన కొద్దీ ఫోన్ గొంతు పెంచుతుంది. దగ్గర్లో గుసగుసలాడితే చాలు, దూరంలో అరవాలి. అసలు టవరే దొరకకపోతే మాటిమాటికీ అన్ని బ్యాండ్లలో (ఫోన్లు వాడే తరంగాల వరుసల్లో) వెతుకుతుంది. నల్లమల అడవి దారిలో గంటల కొద్దీ పోతుంటే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టేయండి, ఆ వెతుకులాట ఆగి చార్జింగ్ మిగులుతుంది.

## నేల కింద

గాజు తీగ విరగకుండా ఎట్లా వంగుతుంది? వెలుగు దాంట్లో నుంచి బయటికి ఎందుకు రాదు?

గాజు లావుగా ఉంటే విరుగుతుంది, చాలా సన్నగా లాగితే వంగుతుంది. ఆప్టికల్ ఫైబర్‌లో గాజు మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. వెలుగు పోయే మధ్య దారి ఇంకా సన్నం, మన వెంట్రుక కంటే చాలా చిన్నది. ఆ దారి చుట్టూ కొంచెం వేరే రకం గాజు ఉంటుంది. వెలుగు ఏటవాలుగా వచ్చి ఆ అంచుకు తగిలితే బయటికి పోకుండా లోపలికే తిరుగుతుంది. అట్లా తగులుతూ, తిరుగుతూ వంపుల్లో కూడా పోతుంది.

దీన్ని ఇంట్లో చూడొచ్చు. లీటరు ప్లాస్టిక్ సీసాకు అడుగు నుంచి మూడు వేళ్ళ ఎత్తున పెన్సిల్ మందం రంధ్రం చేసి, వేలితో మూసి నీళ్ళు నింపండి. గది చీకటి చేసి, రంధ్రానికి ఎదురు వైపు నుంచి పెద్దవాళ్ళు లేజర్ లైటు రంధ్రంలోకి వేయాలి. వేలు తీయగానే నీళ్ళు వంగి పడతాయి, వెలుగు కూడా నీళ్ళతోపాటే వంగి కింద బకెట్లో చుక్కలా మెరుస్తుంది. లేజర్ కంట్లో పడనీయకండి.

అసలు ఫైబర్‌లో పోయే వెలుగు మాత్రం కంటికి కనపడదు, పరారుణ కాంతి. తెగిన తీగ కొనను కంటి దగ్గర పెట్టి ఎప్పుడూ చూడకూడదు.

జేసీబీ తవ్వితే నెట్ పోయిందంటారు. అంత పొడుగు తీగలో ఎక్కడ తెగిందో ఎట్లా కనిపెడతారు?

గాజు తీగను ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి మామూలు నేలలో సుమారు 1.65 మీటర్ల లోతున పూడుస్తారు. మన వైపు రెండడుగులకే బండ తగులుతుంది. అక్కడ తక్కువ లోతులో ఇనుప గొట్టమో కాంక్రీటో కప్పి వేయాల్సి వస్తుంది, కాబట్టి రోడ్డు వెడల్పు పనుల్లో సులభంగా దెబ్బ తింటుంది. ఏపీ ఫైబర్‌నెట్ మాదిరి కరెంటు స్తంభాల మీద లాగిన తీగలకు ఎత్తు లోడు లారీలు, ఉడతలు శత్రువులు.

తెగిన చోటు కనిపెట్టడం మాత్రం చక్కటి లెక్క. ఒక కొన నుంచి చిటికెడు వెలుగు పంపి, తెగిన అంచుకు తగిలి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో యంత్రం కొలుస్తుంది. గాజులో వెలుగు కిలోమీటరు పోయి రావడానికి సెకనులో లక్షో వంతు పడుతుంది, అంటే 10 మైక్రోసెకన్లు. వెలుగు 230 మైక్రోసెకన్లకు తిరిగొచ్చిందంటే తెగింది 23వ కిలోమీటరు దగ్గర. మనుషులు నేరుగా అక్కడికే పోతారు.

తర్వాత అతుకు. పై తొడుగు ఒలిచి, ఆల్కహాల్‌తో తుడిచి, కొనను నిటారుగా కోసి, రెండు కొనలు ఎదురెదురుగా పెట్టి విద్యుత్ మెరుపుతో కరిగించి కలుపుతారు. దుమ్ము రేణువు ఒకటి చేరినా అతుకు చెడుతుంది. అందుకే రోడ్డు పక్క చిన్న గుడారం వేసుకునో, వ్యాను లోపలో ఆ పని చేస్తారు. ఒక కేబుల్లో ఎన్నో పోగులుంటాయి, కలవకుండా రంగులుంటాయి: నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, ఇట్లా పన్నెండు, ఎప్పుడూ అదే వరుస.

మా నాన్న కువైట్‌లో ఉంటాడు. వీడియో కాల్ సాటిలైట్ నుంచి వస్తుందా?

సాధారణంగా రాదు. దేశాల మధ్య పోయే సమాచారంలో 95 శాతానికి పైగా సముద్రం అడుగున వేసిన గాజు తీగల్లోనే పోతుంది. నడి సముద్రంలో ఆ కేబుల్ లావు తోట పైపంత. ముంబై, చెన్నై తీరాల్లో ఇట్లాంటివి ఒడ్డుకు చేరతాయి. కువైట్ కాల్ ఎక్కువగా అరేబియా సముద్రం దారిలోనే వస్తుంది.

భూమి మీద ఒకేచోట నిలిచినట్లు కనపడే ఉపగ్రహాలు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. పైకి పోయి కిందికి రావడానికే పావు సెకను పడుతుంది. అట్లా మాట్లాడితే ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడుతుంటారు. నాన్న బొమ్మ ఆగి ఆగి వస్తే తప్పు సముద్రంలో ఉండేది అరుదు. ఎక్కువసార్లు ఇక్కడి టవర్ మీదో, అక్కడి గదిలో పదిమంది పంచుకునే వైఫై మీదో భారం పడి ఉంటుంది.

## మనిషిని వెతికే చోట

సిమ్ కార్డులో ఏముంటుంది? నా నంబరేనా?

మనం డయల్ చేసే నంబరు కాదు, వేరే గుర్తింపు సంఖ్య ఉంటుంది. అది 15 అంకెల వరకు ఉంటుంది, భారతదేశంలో 404తోనో 405తోనో మొదలవుతుంది. దాంతోపాటు ఒక రహస్య తాళంచెవి ఉంటుంది. ఆ తాళంచెవి సిమ్ దాటి ఎప్పుడూ బయటికి రాదు. కంపెనీ కంప్యూటర్ ఏదో ఒక సంఖ్య పంపి "దీన్ని నీ తాళంచెవితో లెక్క కట్టు" అంటుంది. సిమ్ జవాబు మాత్రమే పంపుతుంది. అక్కడున్న జవాబుతో కలిస్తే లోపలికి రానిస్తారు.

నేను కర్నూలు నుంచి అనంతపురం వస్తే, నాకొచ్చిన కాల్‌కు నేను ఎక్కడున్నానో ఎట్లా తెలుస్తుంది?

ఫోన్ జేబులో ఊరికే ఉండదు. కొన్ని టవర్లు కలిపి ఒక ప్రాంతంగా లెక్కేస్తారు. ప్రాంతం మారగానే ఫోన్ "ఇప్పుడు ఇక్కడున్నా" అని చెబుతుంది, కంపెనీ పద్దులో రాసుకుంటారు. డోన్ దాటినప్పుడు, గుత్తి దాటినప్పుడు మీకు తెలియకుండా ఇట్లా ఎన్నోసార్లు చెప్పి ఉంటుంది.

కాల్ రాగానే పద్దు చూసి, ఆ ప్రాంతంలోని టవర్లన్నీ దండోరా వేస్తాయి. జిల్లా అంతా వేయవు, ఆ ఒక్క ప్రాంతంలోనే. మీ ఫోన్ తన గుర్తు విని పలుకుతుంది, అప్పుడు మోగుతుంది.

బస్సు అంత స్పీడుగా పోతున్నా కాల్ ఎందుకు తెగదు?

మాట్లాడుతుండగానే ఫోన్ చుట్టుపక్కల టవర్ల బలం కొలిచి చెబుతూ ఉంటుంది. ముందున్న టవర్ గట్టిగా వినపడగానే నెట్‌వర్క్ అక్కడ చోటు సిద్ధం చేసి "మారు" అంటుంది. చెవికి తెలియనంత తొందరగా మారుతుంది. ముందు టవర్ నిండిపోయి చోటు లేకపోయినా, గుట్ట మలుపులో పాత సిగ్నల్ ఒక్కసారిగా పడిపోయినా తెగుతుంది.

ఫోన్ నంబరు ముందు 08562, 08518 అని ఎందుకుంటాయి?

అవి ల్యాండ్‌లైన్ ఊరి గుర్తులు. కడప 08562, కర్నూలు 08518, అనంతపురం 08554. ముందున్న సున్నా "బయటి ఊరికి పోవాలి" అనే సైగ, అసలు కోడు తర్వాతి నాలుగు అంకెలు. దాని వెనక ఆరంకెల నంబరు చేరితే మొత్తం పది. మొబైల్ నంబరూ పది అంకెలే, కానీ దానికి ఊరు లేదు. విదేశం నుంచి చేస్తే సున్నా తీసేసి 91 పెట్టాలి.

## అవతలి చెవి దగ్గర

నాకు వినపడే ట్రింగ్ ట్రింగ్ వాళ్ళ ఫోన్ మోతేనా?

కాదు. వాళ్ళ ఫోన్ మోగుతోందని మీకు తెలియడానికి నెట్‌వర్క్ వినిపించే శబ్దం అది. అందుకే వాళ్ళు ఫోన్ సైలెంట్‌లో పెట్టినా మీకు ట్రింగ్ ట్రింగ్ వస్తుంది, కాలర్ ట్యూనూ అంతే. మీరు మూడుసార్లు విన్నారంటే అక్కడా సరిగ్గా మూడుసార్లు మోగిందని లెక్క కాదు.

ఫోన్ స్విచాఫ్ అయిందని చెప్పే ఆ అక్కకు ఎట్లా తెలుసు?

ఆ గొంతు ముందే రికార్డు చేసింది, కంపెనీ యంత్రంలో ఉంటుంది. బటన్ నొక్కి ఫోన్ ఆపితే ఆరిపోయే ముందు టవర్‌కు "పోతున్నా" అని చెబుతుంది, పద్దులో రాస్తారు. నీళ్ళలో పడి ఆగితేనో, గుహలోకి దిగితేనో చెప్పే సమయం ఉండదు. అప్పుడు దండోరాకు జవాబు రాక "కవరేజ్ ఏరియాలో లేరు" అని వినపడుతుంది.

నా గొంతే నాకు తిరిగి వినపడుతుంది. నా ఫోన్ చెడిపోయిందా?

ఎక్కువసార్లు తప్పు అవతలి ఫోన్‌ది. వాళ్ళ స్పీకర్‌లో వచ్చిన మీ గొంతు వాళ్ళ మైకులోకే దూరి మీకు తిరిగొస్తోంది. వాళ్ళను సౌండు తగ్గించమనండి, లేదా స్పీకర్ తీసి చెవికి పెట్టుకోమనండి. లావాటి కవరు మైకు రంధ్రాన్ని మూసినా ఇట్లాగే అవుతుంది.

ఇంగ్లీషులో పెద్ద ఎస్సెమ్మెస్ ఒకటిగా పోతుంది, తెలుగులో కొంచెం రాసినా రెండవుతుంది. ఎందుకు?

ఒక ఎస్సెమ్మెస్ సంచిలో 140 బైట్లే, అంటే 1,120 బిట్లే (సున్నాలు, ఒకట్లు) పడతాయి. ఇంగ్లీషు అక్షరానికి ఏడు బిట్లు చాలు, అందుకే 160 పడతాయి. తెలుగుకు ఒక్కో గుర్తుకు 16 బిట్లు కావాలి, కాబట్టి 70 మాత్రమే.

పైగా మన అక్షరం ఒక గుర్తు కాదు. గుణింతం, వత్తు, సున్న అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. కడప మూడు గుర్తులు. కర్నూలు కంటికి మూడక్షరాలే, లెక్కకు ఏడు: క, ర, పొల్లు, న, దీర్ఘం, ల, కొమ్ము. అనంతపురం ఎనిమిది. ఇంగ్లీషు మెసేజిలో ఒక్క తెలుగు అక్షరం పెట్టినా సంచి మొత్తం 70 లెక్కకే మారుతుంది.

టవర్ దగ్గర ఆడుకుంటే ఏమన్నా అవుతుందా?

టవర్ తరంగాలు ఎక్స్‌రే మాదిరివి కావు, శరీరంలో అణువులను విడగొట్టేంత శక్తి వాటికి లేదు. మన దేశంలో 2012 సెప్టెంబరు నుంచి, అంతర్జాతీయ పరిమితిలో పదో వంతు దాటకూడదని నియమం ఉంది. చెవికి ఆనించుకున్న మీ ఫోన్ నుంచే మీకు ఎక్కువ తగులుతుంది. టవర్ దగ్గర నిజమైన ప్రమాదాలు వేరే ఉన్నాయి: ఎక్కి పడిపోవడం, కరెంటు, పిడుగు. కంచె దాటి లోపలికి పోకండి, ఉరుము వినపడితే అక్కడ నిలబడకండి.

"ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ" అని వస్తే ఫోన్ పనికిరానట్లేనా?

మీ కంపెనీ టవర్ అందడం లేదు, కానీ ఇంకో కంపెనీది వినపడుతోందని దాని అర్థం. మామూలు కాల్ పోదు. 112కు మాత్రం ఆ పరాయి టవర్ దారి ఇస్తుంది. బావిలో ఎవరైనా పడినా, పాము కరిచినా, రోడ్డు ప్రమాదం జరిగినా 112 నొక్కి ముందు ఊరి పేరు, మండలం పేరు చెప్పండి, దగ్గర్లో ఉన్న గుడో బడో చెప్పండి. తర్వాత ఏం జరిగిందో చెప్పండి. మధ్యలో తెగిపోయినా చోటు తెలిసి ఉంటుంది.